పొగకు దారేది?

మన కళ్లెదుటే ఒక మాట తన అర్థాన్ని మార్చుకొన్నది. నా చిన్నతనంలో ‘చిమ్నీ’ అంటే లాంతరు మీది గాజుబుడ్డి. సందెవేళ ముగ్గుపిండితో మసి తుడిచి దీపం వెలిగించేవారు. కొంత పెద్దయిన తరువాత చిమ్నీ అంటే మిల్లుల మీద ఆకాశంలోకి లేచిన ఇటుకల గొట్టం అని తెలిసింది. ఇప్పుడు హైదరాబాదులో ఎవరింటికి వెళ్లినా చిమ్నీ అంటే గ్యాసు పొయ్యికి పైన గోడకు బిగించిన కరెంటు పరికరం. మొదటి రెండు అర్థాలలోనూ చిమ్నీ అన్నది ఒక దారి. లోపలి పొగ పైకి, బయటికి పోయే దారి. మూడవ అర్థంలో అది ఒక పెట్టె. ఆ పెట్టెలో ఉన్నవి పంకా, జల్లెడ, ఒక దీపం. దానికి తగిలించే గొట్టమే అసలైన చిమ్నీ. పేరు పెట్టెకు పోయింది గనుక, గొట్టాన్ని మరచిపోయినా మనకు లోటు తెలియటం లేదు.

మన పెద్దల మాటలు ఇటువంటి భ్రమకు తావివ్వలేదు. పల్లెల్లోని పెంకుటిళ్లకు పొగగూడు ఉండేది, గవాచి ఉండేది. హైదరాబాదు పాత ఇళ్లలో గోడ పైభాగాన రోషన్‌దాన్ ఉండేది. ఈ మూడూ వస్తువుల పేర్లు కావు. ఇల్లు కట్టేటప్పుడు కావాలని విడిచిన ఖాళీల పేర్లు. వేడిగాలి తేలిక గనుక పైకి లేస్తుంది, పైన దారి ఉంటే బయటికి పోతుంది అన్న ఒక్క ఎరుక మీద ఆ వంటిళ్లు నడిచాయి. అవి పొగ లేని వంటిళ్లని నేననను. తడి పుల్లలతోను, పిడకలతోను కళ్లు ఎర్రబడిన తల్లులను చూసిన తరం మాది. అయితే పొగ ఎటు పోవాలన్న ప్రశ్నను ఇల్లు కట్టేవాడు ముందుగానే వేసుకొనేవాడు. నేటి అపార్టుమెంటులో ఆ ప్రశ్న ఇల్లు కట్టిన ఇరవై ఏళ్లకు, పరికరం కొన్న తరువాత, దాన్ని బిగించటానికి వచ్చిన కుర్రవాని నోట వినబడుతున్నది: “పైపు ఎటు తీయమంటారు సార్?”

ఆ ప్రశ్న మా ఇంటికి కూడా వచ్చింది గనుక ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది. నేను చెప్పదలచుకొన్నది ఒక్కటే. వంటింటి పొగగూడు పాతదా కొత్తదా, రాగిదా గాజుదా అన్నవి తరువాతి సంగతులు. పొగ ఎవరి ముక్కును తప్పించుకొని ఎవరి ముక్కులోకి పోతున్నది అన్నది మొదటి సంగతి. అది తేలకుండా గోడకు మేకు కొట్టరాదు.

పంజాగుట్టలోని ద్వారకాపురి కాలనీలో మా పెద్దమ్మగారికి ఒక ఇల్లుండేది. చుట్టూ కాస్త ఖాళీ స్థలం, ఒక మామిడిచెట్టు, మధ్యన డాబా. ఆ వంటింట్లో పొయ్యిగట్టు మీద అమెరికా పొగగూడు ఒకటి ఉండేది. పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, అక్కడ చదువు ముగించి 1979లో తిరిగివస్తూ ఓడలో వేసిన సామానుతో పాటు తెచ్చినది. ఉక్కు రేకుకు రాగిరంగు పూత, లోతైన గొడుగు ఆకారం, ముందు అంచున రెండు నల్లని మీటలు. దాని మోటారు 120 వోల్టులది కావటంతో, పక్క అలమారలో ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటూ కూర్చునేది. గొడుగు నుండి రేకుగొట్టం తిన్నగా డాబా కప్పును చీల్చుకొని పైకి పోయేది. పైన దానికొక టోపీ. చుట్టపక్కాలకు అదొక వింత. పెద్దమ్మకు మాత్రం వింత కాదు. “దీని కింద పోపు వేస్తే దగ్గు రాదు నాయనా” అనేది, అంతే.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. అమీర్‌పేట, పంజాగుట్టలలో ఒంటి ఇళ్లెన్నో ఈ నలభై ఏళ్లలో అపార్టుమెంట్లుగా మారిపోయాయి. అదీ ఆ దారినే పోయింది. పడగొట్టే ముందు ఎవరికి కావలసినవి వారు తీసుకొన్నారు. ఒకరు టేకు తలుపులు, ఒకరు ఇనుప బీరువా. నేను పొగగూడును అడిగి తెచ్చుకొన్నాను. పాత ఇనుము కొట్టులో దానికి కిలో లెక్కన వచ్చేది ఎంతో కాదు. ఆటోలో వేసుకొని అమీర్‌పేటలోని మా ఫ్లాటుకు చేర్చాను.

పాత వస్తువుల మీద ఇప్పుడొక మోజు నడుస్తున్నది. కొత్త ఇళ్లలో రాగి గూళ్లు, కావాలని మసకబార్చిన ఇత్తడి, పాతకాలపు కుళాయిలు అలంకారానికి పెట్టుకొంటున్నారు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక పాత రేడియో కొని బల్ల మీద పెట్టుకొంటే నాకేమీ అభ్యంతరం లేదు. పాడని రేడియో ఎవరికీ హాని చేయదు. పొగ లాగని పొగగూడు హాని చేస్తుంది. దాని కింద నిలబడినవారు తమకు రక్షణ ఉన్నదనుకొని కిటికీ మూస్తారు. అందువలన పాత గూటిని బిగించదలచినవారికి దాని మీద గౌరవం కన్నా అనుమానం ఎక్కువగా ఉండాలి.

మొదటి అనుమానం విద్యుత్తు గురించి. అమెరికా విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్‌జులు. మనది 230 వోల్టులు, 50 హెర్ట్‌జులు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను తగ్గించగలదు గాని హెర్ట్‌జులను మార్చలేదు. కనుక అటువంటి మోటారు మన దేశంలో తన అసలు వేగంలో ఆరింట ఐదు వంతులకు మించి తిరగదు. పైగా మామూలు కన్నా ఎక్కువ వేడెక్కుతుంది. విప్పి చూస్తే తీగల పైతొడుగు పెళుసెక్కి, వేలు తాకితే రాలింది. ఎర్త్ తీగ లేనే లేదు. నూనె ఆవిరి పట్టిన రేకుపెట్టె, లోపల రాలిపోతున్న తీగలు, ఎర్త్ లేకపోవటం, కింద తడి చేతులతో మనిషి. ఇంతకన్నా వివరించనక్కరలేదు. మా ఎలక్ట్రీషియను మోటారును, తీగలను, మీటలను అన్నింటినీ విప్పి పక్కన పెట్టాడు. రేకు శరీరం మిగిలింది. పాత గూటిలో దాచుకోదగినది ఆ ఆకారమే. పాత రంగుపూతలలో సీసం ఉండే అవకాశం ఉంటుంది గనుక, గరుకు కాగితంతో గీకి పొడి రేపకుండా, సబ్బునీటితో తుడవటంతో సరిపెట్టాము. అల్యూమినియం జల్లెడను మాత్రం చాకలిసోడాలో నానబెట్టరాదు. సోడా నూనె జిడ్డుతో పాటు అల్యూమినియాన్ని కూడా తినేస్తుంది.

ఆకారాన్ని అంతగా ఎందుకు మెచ్చుకొంటున్నానో చెబుతాను. పొయ్యి మీద లేచిన వేడి ఆవిరి స్తంభంలాగా తిన్నగా నిలబడదు. పైకి పోయిన కొద్దీ వెడల్పవుతుంది. లోతైన గొడుగు దానిని పంకా లాగేదాకా పట్టి నిలుపుతుంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు ఏడు రకాల ఇంటి గూళ్లను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. పొయ్యి నుండి లేచినదానిలో 15 శాతం కూడా పట్టలేని సందర్భాలున్నాయి. 98 శాతానికి మించి పట్టిన సందర్భాలూ ఉన్నాయి. అడుగుభాగం రేకుతోనో జల్లెడతోనో మూసివున్న గూళ్ల కన్నా, అడుగు తెరచి గొడుగులా ఉన్నవి మెరుగుగా పనిచేశాయి. ముందరి బర్నర్లను కూడా కప్పేంత వెడల్పు ఉన్నది అన్నిటికన్నా మెరుగు. అంటే మా పెద్దమ్మ ఇంటి గొడుగు వంటిది. దుకాణంలో అట్టపెట్టె మీద గంటకు 1200 ఘనపు మీటర్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. మీ ఇంట్లో గొట్టం ఎన్ని వంపులు తిరుగుతుందో, మీ పొయ్యి గూటి కిందికి సరిగా వస్తుందో రాదో ఆ అంకెకు తెలియదు.

రెండవ అనుమానం, అసలైనది, దారి గురించి. మా భవనానికి నాలుగు అంతస్తులు, మాది రెండవది. వంటింటి కిటికీ షాఫ్టులోకి తెరచుకొంటుంది. అమీర్‌పేట వాసులకు షాఫ్టును వర్ణించి చెప్పనక్కరలేదు. నాలుగడుగుల ఇరుకు, అందులోకి అన్ని ఇళ్ల వంటింటి కిటికీలు, స్నానాలగదుల వెంటిలేటర్లు, మురుగు గొట్టాలు, పావురాలు, ఎవరో జారవిడిచిన బట్టల క్లిప్పులు. గూడు బిగించటానికి వచ్చినతను ఏమాత్రం సందేహించకుండా అటే చేయి చూపాడు. “అందరూ షాఫ్టులోకే వదులుతారు సార్. రెండు గంటల్లో పని అయిపోతుంది” అన్నాడు. అతడు అబద్ధం చెప్పలేదు. అందరూ అటే వదులుతారు.

మా పై అంతస్తులో ఒక పెద్దావిడ ఉంటారు. ఆయాసం మనిషి, పొద్దునా రాత్రీ ఇన్‌హేలరు పీలుస్తారు. ఆమె పగలంతా గడిపేది వంటింట్లోను, దాన్ని ఆనుకొన్న చిన్నగదిలోను. రెండింటి కిటికీలూ షాఫ్టులోకే. పని మొదలుపెట్టే ముందు ఒక మాట అడగాలని పైకి వెళ్లాను. “పిన్నిగారూ, మా వంటింటి పొగ మీ వైపు వస్తున్నదా?” అని అడిగితే ఆమె నవ్వారు. “మీ ఇంట్లో ఇవాళ ఏం కూరో నాకు తెలుస్తూనే ఉంటుంది బాబూ. వాసన వస్తే సంతోషమే. ఎండుమిర్చి ఘాటు వచ్చిన రోజున మాత్రం ఆ తలుపు వేసుకొని వచ్చి హాల్లో కూర్చుంటాను. ఎవరికి చెబుతాను? అందరూ వండుకోవాలి కదా” అన్నారు. ఆ మాటలో ఫిర్యాదు లేదు. కిటికీలోంచి తనంతట తాను పోయే పొగకే ఆమె గది మారవలసి వస్తుంటే, మోటారు పెట్టి నెట్టిన పొగకు ఆమె ఎక్కడికి పోవాలి?

ఇది ఒక్క మా భవనపు చిక్కు కాదు, కొత్త చిక్కు అంతకన్నా కాదు. పొగలేని వంటింటి చరిత్రలో మన నగరానికి గౌరవప్రదమైన స్థానం ఉన్నది. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజు 1950ల ఆరంభంలో పొగ పట్టని పొయ్యిని రూపొందించారు. ఆ సంస్థ పేరుతోనే అది హెచ్.ఇ.ఆర్.ఎల్. చుల్హాగా ప్రసిద్ధమైంది. మూసిన మట్టిపొయ్యి, గిన్నెలు పెట్టటానికి వరుసగా కన్నాలు, చివర కప్పు పైకి పోయే గొట్టం. 1953లో ఆయన పుస్తకం ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ మద్రాసు నుండి వెలువడింది. కోట్లమంది వంటిళ్లలో పొగ లేకుండా చేయాలన్న ఆశయం ఆ పేరులోనే ఉన్నది. ఒక ఇంజనీరు తన విద్యను వంటింటి పనికి వినియోగించటం ఆ రోజులలో చిన్న విషయం కాదు. ఆయన పేరు ఈ నగరంలో ఇంకాస్త ఎక్కువగా వినబడవలసి ఉండింది.

తరువాత 1983లో కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని మొదలుపెట్టి 2002 వరకు నడిపింది. మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టారు. చాలాచోట్ల గొట్టాలు మసితో పూడిపోయి, పొయ్యిలు పగిలిపోయి, వాడుక తప్పాయి. ఆ అనుభవం నుండి నేర్చుకోవలసినవి రెండున్నాయి. గొట్టం పెట్టటంతో పని తీరదు, దాన్ని ఏటేటా శుభ్రం చేయాలి. రెండవది, గొట్టం పొగను నిర్మూలించదు, పొగ ఉండే చోటును మారుస్తుంది. విడి విడి ఇళ్ల మధ్య, కప్పు మీద ఆకాశం ఉన్నచోట ఈ చోటు మార్పు చాలావరకు మేలే. నాలుగడుగుల షాఫ్టులో మాత్రం అది నా ఇంటి చెత్తను పక్కింటి గుమ్మంలోకి ఊడ్చినట్లు. చెత్త కంటికి కనబడుతుంది గనుక జగడం వస్తుంది. పొగ కనబడదు గనుక ముసలివారు లేచి వేరే గదిలోకి పోతారు.

“అయితే గొట్టమే వద్దు, బొగ్గు జల్లెడ ఉన్నది పెట్టుకోండి” అని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. గొట్టం లేని గూడు గాలిని లాగి, నూనె తుంపరలను జల్లెడతో పట్టి, వాసనను బొగ్గుతో కొంత తగ్గించి, మళ్లీ ఆ గదిలోకే వదులుతుంది. వేడి, తేమ, మంటలో పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అన్నీ తిరిగి మన మీదికే వస్తాయి. బొగ్గు కొన్ని నెలలకు నిండిపోతుంది, మార్చాలి, మార్చేవారు అరుదు. పక్కవారికి దీనివలన కీడు లేదు, అది ఒప్పుకోవలసిందే. వండేవారికి కలిగే మేలు మాత్రం స్వల్పం. వాసన తగ్గటంతో ముప్పు తగ్గిందనుకోవటం అన్నిటికన్నా పెద్ద ముప్పు.

ఇక మిగిలింది మేడ మీదికి దారి. యుటిలిటీ బాల్కనీ మూల నుండి, ఎవరి కిటికీలూ లేని బయటి గోడ వెంట, ముప్పై అడుగుల గొట్టం. దానికి అపార్టుమెంటు సంఘం అనుమతి కావాలి. రెండు సమావేశాలు జరిగాయి. గోడ అందం చెడుతుందని ఒకరు, ఇవాళ మీరు అడిగితే రేపు అందరూ అడుగుతారని ఒకరు, జిడ్డు మా బాల్కనీ మీద కారుతుందని ఒకరు అన్నారు. ఇవేవీ అన్యాయమైన అభ్యంతరాలు కావు. పై అంతస్తు పిన్నిగారు సమావేశానికి రాలేదు. ఆమె చెప్పిన మాటను నేనే సభలో చెప్పాను. ఆ తరువాత కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తమ వంటింటి కిటికీకి పైన ఎవరుంటారో ఒక్కొక్కరూ ఆలోచించుకొన్నారనుకొంటాను. గొట్టం లోహానిదై ఉండాలి, మేడ మీద మనిషి తలకన్నా ఎత్తున ముగియాలి, ఏడాదికొకసారి శుభ్రం చేయించే ఖర్చు నాది అన్న షరతులతో అనుమతి లభించింది.

పని వివరాలు ఇతరులకు ఉపయోగపడవచ్చునని రాస్తున్నాను. గొట్టం వ్యాసం ఆరు అంగుళాలు. నాలుగు అంగుళాలది చవక, కనబడదు అంటారు. కాని ఆరు నుండి నాలుగుకు దిగితే గాలి పోయే చోటు సగానికన్నా తక్కువకు పడిపోతుంది. పి.వి.సి. గొట్టం పనికిరాదు, లోపల పేరుకొన్న జిడ్డు అంటుకొంటే అదీ కాలుతుంది. జి.ఐ. రేకుతో చేయించాము. ముడతల పైపు జిడ్డును పట్టుకొంటుంది గనుక దానిని వాడలేదు. వంపులు రెండే. గోడకు కన్నం దూలానికీ స్తంభానికీ దూరంగా, ఇటుక భాగంలోనే వేయించాము. మోటారును గూటిలో పెట్టకుండా, గొట్టం చివర మేడ మీద అమర్చాము. దీనివలన వంటింట్లో చప్పుడు లేదు. గొట్టంలో గాలి ఎప్పుడూ పైకి లాగబడుతుంది గనుక, ఎక్కడైనా అతుకు వదులైనా పొగ ఇతరుల గోడల మీదికి తన్నదు. కింది వంపు దగ్గర జిడ్డు చుక్కలు పడటానికి విప్పి కడుక్కొనే చిన్న గిన్నె. పైన వానకు టోపీ, పావురాలకు వల. సన్నని వల జిడ్డుతో పూడిపోతుంది. పావురం దూరనంత రంధ్రాలు చాలు. గూడు పొయ్యికి డెబ్భై సెంటీమీటర్ల ఎత్తున ఉన్నది. ఈ మొత్తానికి అయిన ఖర్చు ఒక కొత్త చిమ్నీ ధరను మించింది. అందులో ఎక్కువ భాగం గొట్టానికే. అలాగే ఉండాలని నా అభిప్రాయం.

ఇంకొక విషయాన్ని ఎవరూ పట్టించుకోరు. బయటికి పోయిన గాలికి బదులు గాలి లోపలికి రావాలి. నేషనల్ బిల్డింగ్ కోడ్ వంటగదికి కనీస వైశాల్యం 5 చదరపు మీటర్లు అంటుంది. రెండు మీటర్ల ముప్పావు ఎత్తుతో లెక్క వేస్తే అది సుమారు 14 ఘనపు మీటర్ల గాలి. గంటకు 1200 ఘనపు మీటర్లు లాగే పరికరం నిజంగా అంత లాగితే, ఆ గది గాలి గంటకు ఎనభై ఐదు సార్లు మారాలి. కిటికీలు, తలుపులు మూసి ఉంచితే అది తనకు దొరికిన దారినుండి గాలిని గుంజుకొంటుంది. స్నానాలగది మురుగు జాలీ నుండి దుర్వాసనను తెస్తుంది. గ్యాసు గీజరు వెలుగుతున్నప్పుడైతే, బయటికి పోవలసిన దాని విషవాయువును ఇంట్లోకి లాగుతుంది. కనుక గూడు నడుస్తున్నంత సేపు ఎదురుదిక్కున ఒక కిటికీ తెరచి ఉంచాలి. గ్యాసు లీకైన వాసన వచ్చినప్పుడు మాత్రం గూటి మీటను తాకరాదు. వంటగ్యాసు గాలికన్నా బరువైనది, నేల మీద పరచుకొంటుంది. పైనున్న గూడు దాన్ని తీయలేదు, మీటలోని నిప్పురవ్వ దాన్ని అంటించగలదు.

“ఇంత హంగామా దేనికి? మా అమ్మమ్మ కట్టెల పొయ్యి మీద వండి తొంభై ఏళ్లు బతికింది” అనేవారు ఉంటారు. బతికిన అమ్మమ్మ కథ ఇంట్లో నిలుస్తుంది. దగ్గి దగ్గి అరవై నిండకుండా పోయిన అమ్మమ్మను పొగతో కలిపి ఎవరూ చెప్పుకోరు. ఇళ్లలోని పొగ వలన 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో ప్రధాన భాగం కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరసనాయిలు వంటి ఇంధనాలది. గ్యాసు రావటంతో మనం ఆ గండం చాలావరకు దాటాము, నిజమే. కాని మంట మారినా మూకుడు మారలేదు. బాగా కాగిన నూనెలో వేపుడు చేసేటప్పుడు లేచే పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో వెలువరించిన సంపుటంలో బహుశా క్యాన్సర్ కారకం కాగల వర్గంలో చేర్చింది. సంక్రాంతికి సకినాలు, చేగోడీలు వేయించే ఇంట్లో మూకుడు ముందు పూటంతా కూర్చునేది ఎవరో మనకు తెలుసు. ఆ మనిషి సాధారణంగా చిమ్నీ కొనే నిర్ణయంలో ఉండదు. ఏ రంగు బాగుంటుందని మాత్రం అడుగుతాము.

అమీర్‌పేటకు ఈ మాట మరింత వర్తిస్తుంది. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో కోచింగు కోసం ఊళ్ల నుండి వచ్చిన పిల్లలు ఉండే హాస్టళ్లు కిక్కిరిసి ఉంటాయి. ఒకప్పుడు ఒక కుటుంబం కోసం కట్టిన వంటింట్లో ఇప్పుడు వందమందికి వండుతారు. ఆ వంటమనిషి ఉదయం ఉప్మా పోపు నుండి రాత్రి చపాతీల దాకా ఆ గదిలోనే ఉంటుంది. ఆ గదికి ఒక పంకా, దాని ముందర మసిగట్టిన జాలీ, దానికి ఎదురుగా మూడడుగుల దూరాన పక్క హాస్టలు పిల్లల మంచాలు. ఇద్దరి ఊపిరీ ఒకే సందులో ఉన్నది. ఫ్యాషను పత్రికల్లోని రాగి గూళ్ల గురించి మాట్లాడే ముందు ఈ సందుల గురించి మాట్లాడవలసి ఉంటుంది.

అద్దెకుండేవారు గోడకు కన్నం వేయలేరని నాకు తెలుసు. వారికి చెప్పగలిగినది తక్కువే గాని ఉపయోగం లేనిది కాదు. కిటికీ పైభాగాన ఎగ్జాస్టు ఫ్యాను, దాని జాలీని నెలకొకసారి కడగటం, ఎదుటి కిటికీ తెరచి ఉంచటం. గోడవైపు పొయ్యి మీదే వేపుళ్లు చేయటం. కిటికీ షాఫ్టులోకే ఉంటే, ఘాటు పోపు వేసే ముందు పైవారికి ఒక కేక వేయటం. చివరిది నవ్వులాటగా తోచవచ్చు. మా ఇంటి గొట్టం పని పూర్తయ్యేదాకా మేము చేసినది అదే.

కట్టేవారికి చెప్పవలసినది ఎక్కువ. బిల్డింగ్ కోడ్ వంటగదికి గాలి, వెలుతురు వచ్చే కిటికీని, అవసరమైనచోట పొగగొట్టాన్ని ఉంచమంటుంది. ‘అవసరమైనచోట’ అన్న మాటను మన బిల్డర్లు ‘ఎక్కడా అవసరం లేదు’ అని చదువుకొన్నారు. ఇల్లు కట్టేటప్పుడే ప్రతి వంటింటికి మేడదాకా ఒక రేకుగొట్టం విడిచిపెడితే, ఫ్లాటు ధరలో అది కనబడనంత ఖర్చు. తరువాత పెట్టాలంటే రెండు సమావేశాలు, ఒక కోర్ కటింగ్ యంత్రం, ముప్పై అడుగుల పరంజా. మురుగునీటికి గొట్టాలు అమర్చి ఇచ్చినవారు, పొగకు మాత్రం అందరికీ కలిపి ఒక నుయ్యి తవ్వి వదిలారు.

పాత పొగగూటిని మళ్లీ బిగించటం మంచిదేనా అని అడిగితే నా సమాధానం ఇది. దానికి ఆకాశం దాకా గొట్టం ఇవ్వగలిగితే, దాని తీగలను నమ్మకుండా మార్చగలిగితే, ఏటేటా మసి తీయగలిగితే, నిశ్చయంగా మంచిది. లోతైన ఆ గొడుగు ఎన్నో కొత్తవాటికన్నా పనిమంతురాలు. ఆ మూడూ చేయలేనప్పుడు దాన్ని మరొకరికి ఇచ్చివేయటం మేలు. కొత్తది కొనేవారికి కూడా ఇవే షరతులు వర్తిస్తాయి. దుకాణంలో అడుగుపెట్టే ముందు మీ వంటింటి కిటికీలోంచి ఒకసారి తల బయటపెట్టి పైకి చూడండి. అక్కడ కనబడే కిటికీ ఎవరిదో తెలుసుకోండి. ధర సంగతి ఆ తరువాత మాట్లాడుకోవచ్చు.